సినిమా చూసి ‘ఉత్తిదే’ అనేవాళ్లకు ఖరగ్‌పూర్ ప్లాట్‌ఫాం చెప్పే లెక్కలు

ఖరగ్‌పూర్ జంక్షన్‌లోని పొడవాటి ప్లాట్‌ఫాం కొలత 1,072.5 మీటర్లు. 2013లో గోరఖ్‌పూర్ స్టేషన్‌లో 1,366 మీటర్ల ప్లాట్‌ఫాం వచ్చేదాకా ప్రపంచంలో దీన్ని మించింది లేదు. 2023 నుంచి ఆ రికార్డు 1,507 మీటర్లతో కర్ణాటకలోని హుబ్బళ్లిది. రికార్డు చేజారినా, ఒక కొలబద్దగా ఖరగ్‌పూర్ ప్లాట్‌ఫాంకి ఉన్న సౌకర్యం మాత్రం పోలేదు. గంటకు 110 కిలోమీటర్ల వేగంతో ఆగకుండా వెళ్లే రైలు దీన్ని 35 సెకన్లలో దాటుతుంది. అదే రైలు కూత ఈ చివర నుంచి ఆ చివరకు చేరడానికి 3 సెకన్లకు కొంచెం పైన పడుతుంది. వెలుగుకు పట్టేది 3.6 మైక్రోసెకన్లు, అంటే సెకనులో పది లక్షల వంతులు మూడున్నర. ఈ మూడు అంకెలూ గుర్తుంటే చాలు, సైన్స్ ఫిక్షన్ సినిమాల మీద వచ్చే వాదనల్లో సగం తేలిపోతాయి.

ఆ వాదనలకు ఖరగ్‌పూర్‌లో కొదవ లేదు. బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే కాలంలో శ్రీకాకుళం, విజయనగరం, విశాఖపట్నం ప్రాంతాల నుంచి వర్క్‌షాపు పనికీ, లైను పనికీ వచ్చిన కుటుంబాలు ఇక్కడే స్థిరపడ్డాయి. పశ్చిమ బెంగాల్ ప్రభుత్వం 2020 డిసెంబరులో తెలుగుకు అధికార భాష గుర్తింపు ఇవ్వాలని నిర్ణయించిందంటే, దానికి పెద్ద కారణం ఈ ఊరి తెలుగువాళ్లే. ఇంట్లో ఉత్తరాంధ్ర తెలుగు, వీధిలో బెంగాలీ, డ్యూటీలో హిందీ. సినిమాలు మూడు భాషల్లోనూ చూస్తారు. పక్కనే హిజ్లీలో 1951 నుంచి దేశంలోని మొట్టమొదటి ఐఐటీ ఉంది. రైలు చక్రాన్ని చేత్తో తాకి బాగోగులు చెప్పగలిగినవాళ్లూ, కాగితం మీద సమీకరణాలతో చెప్పేవాళ్లూ ఒకే ఊళ్లో ఉన్నారు.

తెలిసిన విషయం తెర మీద కనిపిస్తే ప్రేక్షకుడి చూపే మారిపోతుంది. మహేంద్రసింగ్ ధోనీ 2001 నుంచి 2003 దాకా ఖరగ్‌పూర్‌లోనే టికెట్ పరీక్షకుడిగా పనిచేశాడు. అతని జీవితం మీద 2016లో వచ్చిన హిందీ సినిమాలో కొంత భాగాన్ని ఇక్కడే తీశారు. మిగతా దేశం అందులో క్రికెట్ చూసింది. ఖరగ్‌పూర్ వాళ్లు ప్లాట్‌ఫాం, యూనిఫాం, బోగీ రంగూ చూశారు. అలవాటు ఉన్నచోట కన్ను అంత పదును. మరి అలవాటు లేనిచోట? బ్లాక్‌హోల్ పక్కన ఒక గంట గడిపితే భూమ్మీద ఏడేళ్లు గడిచిపోయాయని ‘ఇంటర్‌స్టెల్లార్’ చెబితే, “గంటకి ఏడేళ్లేటి మావా, అంతా ఉత్తిదే!” అనే మాట వస్తుంది. అదే మనిషి, అంతరిక్షంలో రెండు నౌకలు పేలిపోయి హాలు దద్దరిల్లినప్పుడు కిక్కురుమనడు.

చిక్కు ఇక్కడే ఉంది. మామూలు ప్రేక్షకుడి అనుమానం మంచిదే, సైన్సుకి మొదటి మెట్టు కూడా అదే. కాకపోతే అది చాలాసార్లు తప్పు చోట వాలుతుంది. నిజాన్ని అనుమానించి, అబద్ధాన్ని అడక్కుండా మింగేస్తుంది. గంటకు వంద కిలోమీటర్ల లోపు వేగాల్లో, గాలి ఉన్నచోట, ఒకే రకం గురుత్వాకర్షణలో బతికిన అనుభవమే మన సహజజ్ఞానం. ఆ ఎల్లల లోపల అది గట్టిది, దాటితే దారి తప్పుతుంది. ముందుగా అది గట్టిగా ఉండే చోటుకే, రైలు దగ్గరికే వెళ్దాం.

తెలుగు సినిమాల్లో సైన్సును వెక్కిరించాలంటే ఎక్కువమందికి మొదట గుర్తొచ్చేది ‘పల్నాటి బ్రహ్మనాయుడు’ (2003)లో హీరో ధాటికి రైలు వెనక్కి వెళ్లిపోయే దృశ్యం. ఇది జరగదని చెప్పడానికి ఐఐటీ అక్కర్లేదు. ఎందుకు జరగదు అని అడిగితే మాత్రం సాధారణంగా వచ్చే జవాబు “మనిషికి అంత బలం ఎక్కడిది?” అని. నిజానికి ఇక్కడ బలం కంటే పెద్ద అడ్డంకి ఇంకొకటి ఉంది.

ఇరవై రెండు బోగీలు, ఇంజిన్, ప్రయాణికులతో కలిపి రైలు 1,200 టన్నులు ఉందనుకుందాం. గంటకు 110 కిలోమీటర్లు అంటే సెకనుకు 30.6 మీటర్లు. దాని గతిశక్తి దాదాపు 56 కోట్ల జౌళ్లు. ఆ రైలును ఖరగ్‌పూర్ ప్లాట్‌ఫాం మొదట్లో ఆపడం మొదలుపెట్టి చివరి అంచున నిలపాలంటే, మొత్తం 1,072 మీటర్ల పొడవునా 5.2 లక్షల న్యూటన్ల బలంతో వెనక్కి నెడుతూనే ఉండాలి. బ్రేకులు చేసే పని ఇదే, ప్రతి బోగీలో ప్రతి చక్రం దగ్గరా కొంచెం కొంచెంగా. హీరో చేతిలో ఎంత బలమైనా ఉందనుకుందాం. ఆ బలం రైలు మీద పనిచేయాలంటే అతని కాళ్లు నేలను అంతే బలంతో పట్టుకోవాలి. 80 కిలోల మనిషి బూట్లు నేలను జారకుండా పట్టుకోగల హద్దు ఆరేడు వందల న్యూటన్లు. అంతకంటే గట్టిగా నెడితే రైలు కదలదు, అతనే వెనక్కి జారతాడు. ప్లాట్‌ఫాం పొడవంత దూరంలో రైలును ఆపడానికి కూడా అలాంటి హీరోలు ఎనిమిది వందల మంది కావాలి, అందరూ జారకుండా నిలబడి.

ఇది రైల్వేవాళ్లకు కొత్త సంగతేం కాదు. ఇంజిన్‌ను అంత బరువుగా కట్టేదే పట్టు కోసం. మన డబ్ల్యూఏపీ-7 ఇంజిన్ బరువు 123 టన్నులు. బయలుదేరేటప్పుడు అది లాగగలిగే బలం సుమారు 3.2 లక్షల న్యూటన్లు, అంటే దాని బరువులో నాలుగో వంతు కంటే కాస్త ఎక్కువ. మోటారులో ఇంకా సత్తా ఉన్నా ఉక్కు పట్టా మీద ఉక్కు చక్రం అంతకంటే పట్టుకోదు. వానాకాలంలో పట్టాలు జారితే చక్రం ముందు ఇసుక చల్లుతారు. ఆ ఇసుక డబ్బాని చూసినవాడికి హీరో దృశ్యంలో తప్పు ఎక్కడుందో వెంటనే తెలుస్తుంది: చేతిలో కాదు, చెప్పుల కింద.

ఒకవేళ హీరో పాదాలు భూమిలోకి పాతుకుపోయి, సినిమాలో లాగా ఒక్క మీటరు దూరంలో రైలును ఆపేశాడనుకుందాం. అప్పుడు లోపలివాళ్ల మీద పడే కుదుపు గురుత్వాకర్షణకు సుమారు 48 రెట్లు. కాపాడబోయిన ప్రయాణికులు ఆ కుదుపుకే చితికిపోతారు. హీరో బలవంతుడైన కొద్దీ ప్రమాదం పెద్దదవుతుందన్నమాట. వెక్కిరించే వీడియోల్లో ఈ సంగతి ఎవరూ చెప్పరు.

దీనికి పక్కన పెట్టి చూడాల్సింది ‘స్పైడర్-మ్యాన్ 2’ (2004). న్యూయార్క్‌లో అదుపు తప్పిన రైలు ముందు నిలబడి, రెండు వైపులా భవనాలకు సాలెదారాలు విసిరి, స్పైడర్-మ్యాన్ దాన్ని ఆపుతాడు. ఇదీ అంతే ఉత్తిదని కొట్టిపారేయడం తేలిక. ఇంగ్లండ్‌లోని లీస్టర్ విశ్వవిద్యాలయం భౌతికశాస్త్ర విద్యార్థులు కొట్టిపారేయకుండా లెక్క వేశారు. రైలు నాలుగు పెట్టెలు, లోపల వెయ్యికి దగ్గరగా జనం, వేగం సెకనుకు 24 మీటర్లు, ఆగడానికి 50 సెకన్లు అనుకుంటే, దారాల మీద పడే బలం సుమారు 3 లక్షల న్యూటన్లు అని తేలింది. మన డబ్ల్యూఏపీ-7 బయలుదేరేటప్పుడు లాగే బలానికి ఇది దాదాపు సమానం! అంత బలానికి తెగకుండా ఉండటానికి దారానికి కావలసిన దృఢత్వాన్ని లెక్కిస్తే, అది నిజమైన సాలెపురుగుల దారాల్లో కొలిచిన పరిధి లోపలే ఉంది. స్పైడర్-మ్యాన్ తన చెప్పుల పట్టును నమ్ముకోలేదు, దారాల్ని భవనాలకు కట్టాడు. ఒక్క మీటరులో ఆపలేదు, చాలా దూరం సాగనిచ్చాడు. అతని భుజాలు ఊడిపోకుండా ఎలా ఉన్నాయన్నది వేరే ప్రశ్న, ఆ విద్యార్థుల లెక్క దాని జోలికి పోలేదు. కానీ రెండు దృశ్యాలూ ఒకే రకం అబద్ధం కావు. ఒకదాన్ని తీసినవాళ్లకు బలం ఎక్కడ ఆనుకోవాలో తెలుసు.

రైలు దగ్గర మన సహజజ్ఞానం బాగానే పనిచేసింది, కారణం చెప్పడంలో కాస్త తడబడినా. గాలి లేని చోటుకు వెళ్తే కథ మారుతుంది.

1980లలో దూరదర్శన్‌లో ‘స్టార్ ట్రెక్’, 1998లో మిలింద్ సోమన్ నటించిన ‘కెప్టెన్ వ్యోమ్’ చూసి పెరిగిన తరం ఒకటుంది. వారానికో ఎపిసోడు, దానిమీద వారమంతా చర్చ. ‘స్టార్ ట్రెక్’లో మనుషులు మెరుస్తూ మాయమై ఇంకోచోట తేలేవాళ్లు. ఇదేదో భవిష్యత్తు శాస్త్రం అనుకున్నవాళ్లు చాలామందే. అసలు సంగతి ఏమిటంటే, ప్రతి వారం ఒక గ్రహం మీద నౌక దిగడాన్ని చిత్రీకరించడానికి డబ్బు సరిపోక ఆ ఉపాయం పన్నారు. బడ్జెట్‌లోంచి పుట్టిన సైన్సది.

ఇలాంటి సీరియళ్లలోనూ సినిమాల్లోనూ దాదాపు అన్నింటిలో ఉన్న తప్పు శబ్దం. శబ్దం అంటే గాలి కణాలు ఒకదాన్నొకటి నెట్టుకుంటూ పోవడం. నెట్టడానికి కణాలే లేని చోట అది సాగదు. ఇది స్కూల్లో గంటను గాజుకూజాలో పెట్టి గాలి తోడేసే ప్రయోగంతో చెప్పే పాఠమే. అయినా తెర మీద పేలుడు వినిపిస్తే ఎవరూ అడగరు. సరే, శూన్యం సంగతి పక్కన పెడదాం, ప్లాట్‌ఫాం మీదే చూడండి. చివరి పెట్టె దగ్గర గార్డు విజిల్ ఊది పచ్చజెండా ఊపితే, ఇంజిన్ వైపు నిలబడ్డవాడికి జెండా అప్పుడే కనిపిస్తుంది, విజిల్ రెండు మూడు సెకన్లు ఆలస్యంగా వినిపిస్తుంది. కిలోమీటరుకే ఇంత తేడా. చంద్రుడికీ మనకూ మధ్య పొడవునా గాలి ఉన్నా, అక్కడి పేలుడు ఇక్కడ వినిపించడానికి 13 రోజులు పడుతుంది. సినిమాలో మంట, మోత ఒకే క్షణంలో వస్తాయి. అంటే తప్పు ఒకటి కాదు, రెండు.

ఈ నిశ్శబ్దాన్ని పాటించిన సినిమాలు లేకపోలేదు. స్టాన్లీ కూబ్రిక్ తీసిన ‘2001: ఎ స్పేస్ ఒడిస్సీ’ (1968)లో నౌక బయట మోత ఉండదు. ‘గ్రావిటీ’ (2013)లో ఢీకొన్న శకలాలు మౌనంగానే చెదిరిపోతాయి, వ్యోమగామి చేతికి తగిలినప్పుడు మాత్రం సూట్ లోపల ప్రకంపనగా వినిపిస్తాయి. అది కరెక్టే. శరీరమూ సూటూ శబ్దాన్ని మోయగలవు.

పేలుడు మోత ఒక రకంగా నేపథ్య సంగీతం లాంటిది, దాన్ని క్షమించవచ్చు. శూన్యం గురించి సినిమాలు నేర్పిన వేరే పాఠాలు అంత తేలిగ్గా వదిలేసేవి కావు. సూట్ చిరిగితే మనిషి బెలూన్‌లా పగిలిపోతాడనో, క్షణంలో గడ్డకట్టిపోతాడనో చూపిస్తారు. 1966లో అమెరికాలోని హ్యూస్టన్‌లో నాసా శూన్యపు గదిలో సూట్ పరీక్షిస్తుండగా జిమ్ లెబ్లాంక్ అనే టెక్నీషియన్ సూట్‌లోంచి గాలి పైపు ఊడిపోయింది. సుమారు 14 సెకన్లలో స్పృహ తప్పింది. పగిలిపోలేదు, గడ్డకట్టలేదు. గదిలోకి గాలి వదలగానే తేరుకున్నాడు. స్పృహ తప్పేముందు నాలుక మీద ఉమ్మి బుడబుడమని మరిగినట్టు అనిపించిందని చెప్పాడు. ఒత్తిడి పోతే నీరు శరీరపు వేడికే మరుగుతుంది మరి. వేడి పోవడానికి చుట్టూ గాలి గానీ నీరు గానీ లేదు కాబట్టి, శూన్యంలో శరీరం చల్లబడేది నెమ్మదిగానే. ఫ్లాస్కులో టీ గంటల తరబడి వేడిగా ఉండేది ఇందుకే.

తెర మీది శూన్యాన్నే నిజమైన శూన్యం అనుకుంటే వచ్చే నష్టం చిన్నది కాదు. చంద్రుడి మీద మనిషి కాలు పెట్టలేదు, అంతా స్టూడియోలో తీశారు అనే మాట ఇప్పటికీ టీకొట్ల దగ్గర వినిపిస్తుంది. జెండా ఊగింది కదా అంటారు. అక్కడ గాలి లేకపోవడమే అది అంతసేపు ఊగడానికి కారణం. ఊపును అడ్డుకునే గాలి లేనప్పుడు, కర్ర తిప్పిన కుదుపు చాలాసేపు నిలుస్తుంది. ఆకాశంలో నక్షత్రాలు లేవంటారు. ఎండలో మెరిసే నేలకు సరిపడా కెమెరా అమరిస్తే మసక నక్షత్రాలు పడవు. ఖరగ్‌పూర్ యార్డులో రాత్రి ఫ్లడ్‌లైటు కింద ఫోన్‌తో ఒక ఫొటో తీసి చూస్తే చాలు. మన చంద్రయాన్-2 ఆర్బిటర్ కూడా అపోలో 11 దిగిన చోటును ఫొటో తీసింది. సినిమాలో అబద్ధాన్ని నమ్మిన కళ్లే, నిజమైన దృశ్యం సినిమాలా లేదని దాన్ని అబద్ధం అంటున్నాయి.

ప్రేక్షకుడికి అర్థం కాదేమోనని నిజాన్ని తగ్గించి చూపిన సందర్భాలూ ఉన్నాయి. అందులో ప్రసిద్ధమైనదానికి మళ్లీ రైలుతోనే ముడి ఉంది.

ఆగకుండా దూసుకుపోయే రైలు కూత, మనల్ని దాటగానే ఒక్కసారిగా బొంగురుపోతుంది. స్టేషన్ దగ్గర పెరిగిన పిల్లలు కళ్లు మూసుకుని కూడా రైలు దాటిందో లేదో చెబుతారు. దగ్గరికొస్తున్నప్పుడు శబ్ద తరంగాలు ఒత్తుగా చేరతాయి, దూరమవుతున్నప్పుడు ఎడంగా చేరతాయి. గంటకు 110 కిలోమీటర్ల వేగానికి ఈ తేడా 1.2 రెట్లు. కర్ణాటక సంగీతం తెలిసినవాళ్లకు చెప్పాలంటే, సాధారణ గాంధారం నుంచి షడ్జమానికి దిగినంత. ఆస్ట్రియాకు చెందిన క్రిస్టియన్ డాప్లర్ 1842లో ఈ సూత్రం చెప్పినప్పుడు ఆయన దృష్టి నక్షత్రాల వెలుగు మీద ఉంది. దాన్ని 1845లో పరీక్షించింది మాత్రం నెదర్లాండ్స్‌లోని రైలు పట్టాల మీద. బోయిస్ బాలొట్ అనే శాస్త్రవేత్త బూరలు ఊదేవాళ్లను రైలెక్కించి, స్వరజ్ఞానం ఉన్నవాళ్లను పట్టాల పక్కన నిలబెట్టాడు. నిజానికి ఆయన డాప్లర్‌ను నమ్మలేదు, తప్పని చూపించాలనే మొదలుపెట్టాడు. స్వరం దిగింది. శబ్దం విషయంలో డాప్లర్ చెప్పింది నిజమని ఆయనే ఒప్పుకున్నాడు.

వెలుగుకూ ఇదే జరుగుతుంది. 2014లో క్రిస్టఫర్ నోలన్ ‘ఇంటర్‌స్టెల్లార్’ తీసినప్పుడు, బ్లాక్‌హోల్ చుట్టూ వెలుగు ఎలా వంగుతుందో భౌతిక శాస్త్రవేత్త కిప్ థోర్న్ సమీకరణాలు ఇచ్చాడు. గ్రాఫిక్స్ బృందం వాటితోనే బొమ్మ కట్టింది. ఆ పని మీద 2015లో శాస్త్ర పత్రికలో పరిశోధన వ్యాసమే వచ్చింది. థోర్న్‌కు 2017లో నోబెల్ వచ్చింది, అది వేరే పనికి, గురుత్వ తరంగాలకు. సమీకరణాల ప్రకారం బ్లాక్‌హోల్ చుట్టూ తిరిగే వేడి వాయువుల పళ్లెంలో మన వైపు వచ్చే సగం ఎక్కువ కాంతిగా, దూరంగా పోయే సగం మసకగా కనిపించాలి. రైలు కూత కథే ఇది. ఒకవైపు మెరిసి ఇంకోవైపు చీకటిగా ఉంటే జనం గందరగోళపడతారని, సినిమాలో ఆ తేడాను తీసేసి రెండు వైపులా సమానంగా వెలిగించారు. 2019 ఏప్రిల్ 10న ఎం87 గెలాక్సీ మధ్యలోని బ్లాక్‌హోల్ మొదటి చిత్రం బయటికొచ్చినప్పుడు ఆ వలయం కింది వైపు స్పష్టంగా ఎక్కువ కాంతితో ఉంది.

నోలన్ బృందం ప్రేక్షకుణ్ణి తక్కువ అంచనా వేసిందనే అనిపిస్తుంది. రోజుకు పదిసార్లు కూత స్వరం దిగడం వినేవాడికి, ఒకవైపు వెలుగు ఎందుకు ఎక్కువో ఒక్క వాక్యంలో చెప్పవచ్చు.

ఇక “గంటకి ఏడేళ్లేటి” అన్న అసలు అభ్యంతరం. 2025 ఫిబ్రవరిలో ఆ సినిమా మన దేశంలో మళ్లీ విడుదలై హాళ్లు నిండినప్పుడు కూడా బయటికొచ్చినవాళ్ల నోట ఇదే మాట. ఆ అభ్యంతరంలో రెండు ప్రశ్నలు కలిసి ఉన్నాయి. కాలం ఒక్కొక్కరికి ఒక్కోలా నడుస్తుందా అన్నది ఒకటి. ఆ తేడా అంత పెద్దగా ఉంటుందా అన్నది రెండోది. రెండో ప్రశ్న న్యాయమైనదే. అంత తేడా రావాలంటే ఆ బ్లాక్‌హోల్ తనకు సాధ్యమైన అత్యధిక వేగానికి వెంట్రుకవాసి దూరంలో తిరుగుతూ ఉండాలని, ఆ లోటు వంద లక్షల కోట్లలో ఒక వంతు మాత్రమే ఉండాలని థోర్నే లెక్కగట్టాడు. అసాధ్యం అనలేం, అలాంటిది ఎక్కడైనా ఉంటుందా అంటే అనుమానమే.

మొదటి ప్రశ్నకు మాత్రం జవాబు అవును, సందేహం లేదు. ఐన్‌స్టీన్ తన సిద్ధాంతాన్ని మామూలు పాఠకులకు వివరించడానికి ఎంచుకున్న ఉదాహరణ కూడా రైలూ, రైలుకట్టా. కదిలే గడియారం నెమ్మదిగా నడుస్తుంది. రైలు వేగానికి ఎంత? ఒక లోకో పైలట్ 30 ఏళ్ల పాటు రోజుకు ఎనిమిది గంటలు, గంటకు 110 కిలోమీటర్ల వేగంతో రైలు నడిపాడనుకుందాం. భూమి తిరగడం వల్ల వచ్చే తేడాలు చెల్లిపోయేలా తూర్పుకీ పడమరకీ సమానంగా తిరిగాడనీ అనుకుందాం. రిటైరయ్యే రోజుకు అతను ఇంట్లో ఉన్న కవల సోదరుడి కంటే చిన్నవాడై ఉంటాడు, 1.6 మైక్రోసెకన్లు. అంతసేపట్లో వెలుగు ఖరగ్‌పూర్ ప్లాట్‌ఫాంలో సగం కూడా దాటలేదు. మన అనుభవానికి ఈ సంగతి ఎందుకు అందదో దీన్నిబట్టే తెలుస్తుంది. అబద్ధం కావడం వల్ల కాదు, మనం మరీ నెమ్మదిగా తిరగడం వల్ల.

వేగం పెంచితే తేడా పెరుగుతుంది. 1971 అక్టోబరులో హఫేలే, కీటింగ్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు సీజియం గడియారాలను మామూలు ప్రయాణికుల విమానాల్లో భూమి చుట్టూ తిప్పారు. తూర్పుగా తిరిగినవి 59 నానోసెకన్లు వెనకబడ్డాయి, పడమరగా తిరిగినవి 273 నానోసెకన్లు ముందుకెళ్లాయి. లెక్కతో సరిపోయింది. సునీతా విలియమ్స్ 2024-25లో అంతరిక్షంలో 286 రోజులు ఉండి తిరిగొచ్చేసరికి, మనకంటే ఆమెకు గడిచిన కాలం సుమారు 7 మిల్లీసెకన్లు తక్కువ. ఆమె భవిష్యత్తులోకి అంత మేర ప్రయాణం చేసినట్టే.

దీంతో తెలుగువాళ్ల ‘ఆదిత్య 369’ (1991) మీద కూడా కాస్త న్యాయంగా మాట్లాడవచ్చు. సింగీతం శ్రీనివాసరావు తీసిన ఈ సినిమాలో ఒకే యంత్రం ఒకసారి శ్రీకృష్ణదేవరాయల 1526కీ, ఇంకోసారి 2504కీ తీసుకెళ్తుంది. చూసినవాళ్లు రెండింటినీ ఒకే గాటన కట్టి, అయితే రెండూ బాగున్నాయంటారు, లేకపోతే రెండూ కల్పనే అంటారు. భౌతికశాస్త్రం ఒకే గాటన కట్టదు. 1991 నుంచి 2504కి వెళ్లడం అంటే 513 ఏళ్లు. ప్రయాణికుడికి ఒక్క ఏడాదే గడవాలంటే, వెలుగు వేగంలో 99.9998 శాతం వేగంతో పోయి తిరిగిరావాలి. అంత ఇంధనం ఎవరి దగ్గరా లేదు, కానీ ఏ సూత్రమూ దాన్ని కాదనదు. 1526కి వెనక్కి వెళ్లడం అలాంటిది కాదు. కార్ల్ సాగన్ తన నవల ‘కాంటాక్ట్’ (1985) రాసేటప్పుడు, తన కథానాయికను నక్షత్రాల దాకా తీసుకెళ్లే దారి ఏదైనా ఉందా అని కిప్ థోర్న్‌ను అడిగాడు. ఆ ప్రశ్న పట్టుకుని థోర్న్ బృందం వర్మ్‌హోల్ మీద లెక్కలు వేసింది, 1988లో దాని ద్వారా గతంలోకి వెళ్లే అవకాశం గురించి పరిశోధన వ్యాసం రాసింది. ప్రకృతి అలాంటిదాన్ని జరగనివ్వదని 1992లో స్టీఫెన్ హాకింగ్ ఒక ఊహ ప్రతిపాదించాడు. ఇప్పటిదాకా రెండు వైపులా రుజువు లేదు. హంపీ దర్బారు దృశ్యం దగ్గర “ఇదెలా?” అనడం సబబే. 2504 దృశ్యం దగ్గర అడగాల్సిన ప్రశ్న “ఎంత ఖర్చు?” అని.

కాలం తేడాను అనుమానించింది సినిమా ప్రేక్షకులొక్కరే అనుకుంటే పొరపాటు. 1977 జూన్‌లో అమెరికా ఎన్‌టీఎస్-2 అనే ఉపగ్రహాన్ని ప్రయోగించింది. జీపీఎస్‌కు ముందు మెట్టు అది. పైన గురుత్వాకర్షణ తక్కువ కాబట్టి గడియారం వేగంగా నడుస్తుంది, ఉపగ్రహం వేగం వల్ల కొంత నెమ్మదిస్తుంది, రెండూ కలిపితే రోజుకు 38 మైక్రోసెకన్లు ముందుకు పోతుందని ఐన్‌స్టీన్ సిద్ధాంతం చెప్పింది. ప్రాజెక్టులోని కొందరు దీన్ని నమ్మలేదు. వాదించుకుంటూ కూర్చోకుండా ఉపగ్రహంలో ఒక స్విచ్ పెట్టారు. ముందు ఏ సవరణా లేకుండా గడియారాన్ని నడుపుదాం, అవసరమైతే నేల నుంచి ఆదేశమిచ్చి సవరణ వేద్దాం అని. ఇరవై రోజులు అలాగే నడిపి కొలిచారు. సిద్ధాంతం చెప్పిన తేడా లక్ష కోట్లలో 446.5 వంతులు, కొలిస్తే వచ్చింది 442.5. స్విచ్ వేశారు.

ఆ 38 మైక్రోసెకన్లను వెలుగు వేగంతో గుణిస్తే 11 కిలోమీటర్లు వస్తుంది, ఖరగ్‌పూర్ ప్లాట్‌ఫాంకి పది రెట్లు. ఇప్పుడు జీపీఎస్ గడియారాలకు ఆ సవరణ ఫ్యాక్టరీలోనే చేసి పంపుతున్నారు. మన రైలింజన్లు ఎక్కడున్నాయో ఉపగ్రహాల ద్వారా ఎప్పటికప్పుడు తెలిపే పరికరాలను ఇస్రో సహకారంతో రైల్వే అమర్చుతోంది. ప్లాట్‌ఫాం మీద నిలబడి, హౌరా నుంచి వచ్చే బండి ఏ స్టేషన్ దాటిందో ఫోన్‌లో చూసుకునేవాడి చేతిలో ఆ లెక్క నడుస్తూనే ఉంది. పక్కవాడితో “గంటకి ఏడేళ్లేటి మావా” అంటున్నప్పుడు కూడా.